వైబీసీఓలో 2 శాతం జింక్: అయస్కాంతత్వం లేని మలినం టీసీని ఇంతగా ఎందుకు దించుతుంది?

స్క్విడ్‌92:
వైబీసీఓలో (ఇట్రియం, బేరియం, కాపర్, ఆక్సిజన్ కలిసిన సూపర్‌కండక్టర్) ప్రతి వంద కాపర్ పరమాణువుల్లో రెండింటి చోట జింక్ పెడితే టీసీ (విద్యుత్ నిరోధం మాయమయ్యే ఉష్ణోగ్రత) 92 కెల్విన్ నుంచి 70 ప్రాంతానికి పడిపోతుంది. అంతే నికెల్ పెడితే ఇంత పడదు. అయస్కాంతత్వం లేని మలినం వల్ల టీసీ తగ్గదని భౌతిక శాస్త్రవేత్త ఫిలిప్ ఆండర్సన్ 1959లోనే చెప్పారు కదా, ఇక్కడ తలకిందులెందుకైంది? ఇంకొకటి, పడింది జింక్ వల్లేగానీ ఆక్సిజన్ చాలక కాదని ఎలా తేల్చుకోవాలి?

పొరలమధ్య:
ఆండర్సన్ మాట గ్యాప్ (ఎలక్ట్రాన్ జతల బలాన్ని చెప్పే రాశి) అన్ని దిక్కులా ఒకే గుర్తుతో ఉండే ఎస్-వేవ్ పదార్థాలకు. కుప్రేట్లది, అంటే వైబీసీఓ లాంటి కాపర్ ఆక్సైడ్ సూపర్‌కండక్టర్లది, డీ-వేవ్: ఒక దిక్కున ప్లస్, దానికి అడ్డంగా మైనస్. మలినాన్ని గుద్దుకొని ఎలక్ట్రాన్ దిక్కు మారితే రెండూ కలిసి చెల్లిపోతాయి. దీనికి అయస్కాంతత్వంతో పనే లేదు. జింక్ సరిగ్గా కాపర్-ఆక్సిజన్ పొరలోనే కూర్చుని చాలా గట్టిగా చెదరగొడుతుంది, నికెల్ దెబ్బ మెత్తన. 2000లో బిస్మత్ కుప్రేట్ మీద ఎస్‌టీఎంతో (పరమాణువులను ఒక్కొక్కటిగా చూపే సూక్ష్మదర్శినితో) చూస్తే, ఒక్కో జింక్ చుట్టూ 15 ఆంగ్‌స్ట్రామ్‌ల (1.5 నానోమీటర్ల) మేర సూపర్‌కండక్టివిటీ చచ్చిపోయి కనిపించింది. అన్నట్టు, ‘అయస్కాంతత్వం లేని’ అన్నది జింక్‌కే వర్తిస్తుంది. దాని పక్కనున్న కాపర్ స్పిన్‌లలో అయస్కాంత భ్రామకం పుడుతుందని ఎన్ఎంఆర్ (పరమాణు కేంద్రకాల అయస్కాంత అనునాద పరీక్ష) చూపింది.

కొలిమిపక్క:
స్క్విడ్ గారూ, ఆక్సిజన్‌ను అనుమానించే ముందు తూకం చూసుకోండి. 0.01 మోల్ బ్యాచ్‌కి ఇట్రియం ఆక్సైడ్ 1.129 గ్రాములు, బేరియం కార్బొనేట్ 3.947, కాపర్ ఆక్సైడ్ 2.339, జింక్ ఆక్సైడ్ 0.049. ఆఖరిది 49 మిల్లీగ్రాములే! అందులో 5 అటూ ఇటూ అయితే టీసీ ఇంచుమించు 2 కెల్విన్ జరుగుతుంది. ఇట్రియం ఆక్సైడ్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, కాల్చి ఆరబెట్టాకే తూచండి. నూరడం చాలకపోతే పెల్లెట్‌లో (పొడిని అదిమి చేసిన బిళ్లలో) ఒకచోట 1 శాతం, ఇంకోచోట 3 శాతం జింక్ ఉంటుంది, సూపర్‌కండక్టర్‌గా మారే ట్రాన్సిషన్ ఎక్కువ డిగ్రీల మేర సాగిపోతుంది. 920 డిగ్రీల దగ్గర కాల్చడం, మళ్లీ నూరడం కనీసం రెండుసార్లయినా జరగాలి.

ఇక ఆక్సిజన్. జింక్ లేని పెల్లెట్ ఒకటి అదే కొలిమిలో పక్కనే పెట్టి, ఆక్సిజన్ పారిస్తూ 450 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచి మెల్లగా చల్లార్చండి. అది 92 చూపకపోతే తప్పు జింక్‌ది కాదు. ఉష్ణోగ్రతతో రెసిస్టివిటీ (నిరోధకత) మారే గీత కూడా చెబుతుంది: జింక్ గీతను దాదాపు సమాంతరంగా పైకి జరుపుతుంది, ఆక్సిజన్ తగ్గితే వాలే మారిపోతుంది. ఎక్స్‌రేలో సీ-అక్షం (పొరలకు నిలువుగా స్ఫటిక గడి ఎత్తు) 11.68 ఆంగ్‌స్ట్రామ్‌ల నుంచి 11.74 వైపు పెరిగిందంటే ఆక్సిజన్ పోయినట్టే.

పొరలమధ్య:
పైదానికి ఒక చేర్పు. పెల్లెట్‌ను నేరుగా అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) బోటులో, అంటే కొలిమి పాత్రలో, పెట్టకండి, అల్యూమినియం లోపలికి పాకుతుంది. అదే పొడిని కింద పరిచి దానిమీద పెట్టండి. అల్యూమినియం, కోబాల్ట్, ఇనుము ముందుగా చేరేది కాపర్-ఆక్సిజన్ గొలుసుల్లోకి, పొరల్లోకి కాదు. అందుకే మొదట్లో వాటితో టీసీ నెమ్మదిగా తగ్గుతుంది. ఆ గ్రాఫులను జింక్ గ్రాఫు పక్కన పెట్టి పోల్చడం సరికాదు.