పలక పలచబడితే డి33 ఎందుకు పడిపోతోంది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. 20 మెగాహెర్ట్జ్ అల్ట్రాసౌండ్ ప్రోబ్ కోసం పీఎంఎన్-పీటీ అనే పీజోఎలెక్ట్రిక్ (నొక్కితే ఛార్జ్ ఇచ్చే) సింగిల్ క్రిస్టల్ పలకను పలచన చేస్తున్నాను. 4×4 మి.మీ. ముక్క. మందం 0.5 మి.మీ. ఉన్నప్పుడు డి33 (నొక్కిన ప్రతి న్యూటన్ బలానికి వచ్చే ఛార్జ్) మీటర్‌లో 1600 పికోకూలుంబ్/న్యూటన్ చూపించింది, కెపాసిటెన్స్ 1.4 నానోఫారడ్. 0.12 మి.మీ. దాకా లాపింగ్ చేసి (పౌడర్‌తో అరగదీసి), కొత్తగా గోల్డ్ ఎలక్ట్రోడ్ వేసి, మళ్లీ పోలింగ్ (వోల్టేజ్ ఇచ్చి లోపలి ధ్రువాలను ఒకే దిశకు తిప్పడం) చేశాను. ఇప్పుడు డి33 900, కెపాసిటెన్స్ 3.9. డి33 పదార్థ లక్షణం కదా, మందంతో మారకూడదు కదా? నా దగ్గర ఇంకొక్క ముక్కే ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
కంగారు పడకండి తమ్ముడూ. మీరన్నది నిజమే, ఒక న్యూటన్ బలానికి ఎంత ఛార్జ్ వస్తుందన్న లెక్కలో మందానికి చోటు లేదు. మందంతో మారేవి వేరే ఉన్నాయి: రెజొనెన్స్ ఫ్రీక్వెన్సీ, కెపాసిటెన్స్, అదే ఒత్తిడికి వచ్చే వోల్టేజ్.

కెపాసిటెన్స్ కూడా రాసి మంచి పని చేశారు. మందం ఒక్కటే మారి ఉంటే 1.4 కాస్తా 5.8 కావాలి. మీకు 3.9 వచ్చింది. అంటే తప్పు మీటర్‌ది మాత్రమే కాదు, పలకలోనే ఏదో తగ్గింది. రెండు సంగతులు చెప్పండి. పోలింగ్‌కు ఎన్ని వోల్టులు ఇచ్చారు? చివరి లాపింగ్ ఏ పౌడర్‌తో చేశారు?

అడిగినవారు:
రెండుసార్లూ 500 వోల్టులే మేడం. 9 మైక్రాన్ల అల్యూమినా పౌడర్, రెండు వైపులా. పాలిష్ చేయలేదు.

జవాబు:
అయితే రెండు కారణాలూ దొరికినట్టే.

క్రిస్టల్‌కు తెలిసేది వోల్టేజ్ కాదు, ఫీల్డ్, అంటే వోల్టేజ్‌ను మందంతో భాగిస్తే వచ్చేది. 0.5 మి.మీ. మీద 500 వోల్టులంటే సెంటీమీటరుకు 10 కిలోవోల్టులు. ఈ క్రిస్టల్ కోఎర్సివ్ ఫీల్డ్ (ధ్రువాలను తిప్పడానికి కావలసిన ఫీల్డ్) సెంటీమీటరుకు 2-3 కిలోవోల్టులే కాబట్టి అది బాగా సరిపోయింది. అదే 500 వోల్టులు 0.12 మి.మీ. మీద పడితే 40 దాటుతుంది. అది ఓవర్‌పోలింగ్. డొమైన్ల (ధ్రువాలన్నీ ఒకే దిశలో ఉండే చిన్న ప్రాంతాల) అమరిక చెదిరి డి33 తగ్గుతుంది, ఒక్కోసారి పలక పగులుతుంది కూడా. మీరు ఇవ్వాల్సింది 120 వోల్టులు.

రెండోది ఇంకా ముఖ్యం. పౌడర్ అరగదీసిన చోట పైన కనబడే గీతలతో పని అయిపోదు. వాటి కింద కొన్ని మైక్రాన్ల లోతు దాకా ఒత్తిడికి గురై, డొమైన్లు బిగుసుకుపోయిన పొర ఒకటి మిగులుతుంది. అది ఒక్కో వైపు 10 మైక్రాన్లు అనుకుందాం. 500 మైక్రాన్లలో 20 అంటే 4 శాతం. 120లో అదే 20 దాదాపు 17 శాతం. పైగా ఆ పొర మంచి క్రిస్టల్‌తో సిరీస్‌లో ఉన్న చిన్న కెపాసిటర్ లాంటిది, మీరిచ్చే వోల్టేజ్‌లో పెద్ద వాటా అదే తినేస్తుంది. లోపలి క్రిస్టల్ డైఎలెక్ట్రిక్ కాన్‌స్టంట్ (కెపాసిటెన్స్‌ను నిర్ణయించే పదార్థ గుణం) 6000, పొరది 1000 అనుకుని లెక్క వేస్తే మందపు పలకకు మొత్తం 5000, పలచటిదానికి 3300 లోపు వస్తుంది. మీ కెపాసిటెన్స్‌ల నుంచి వెనక్కి లెక్కించినా 4900, 3300 వచ్చాయి. ఇది రుజువు కాదు, నేను అనుకున్న అంకెలే కదా. కానీ దారి ఇదేనని నా నమ్మకం.

మరొకరు:
నాదొక మాట. డి33 మీటర్‌లో ఇంత పలచటి పలకను చదునైన ఆధారం మీద పెట్టారా? కొద్దిగా వంగినా అంకె తప్పుతుంది. రెండు వైపులా గుండ్రటి మొనలుండే హోల్డర్ వాడండి. ఇంపీడెన్స్ అనలైజర్‌తో కేటీ (మందం దిశలో విద్యుత్తు, కంపనం ఎంత బాగా మారుతాయన్న కొలత) కూడా కొలవండి. దానికి పలక వెడల్పు మందానికి కనీసం పది రెట్లుండాలి. మీ 0.5 మి.మీ. ముక్కకు ఆ నిష్పత్తి 8 మాత్రమే, పక్క మోడ్‌లు (పక్క దిశలోని కంపనాలు) కలిసిపోతాయి.

ఇంకో సందేహం. ఏటీ-కట్ (ఒక ప్రత్యేక కోణంలో కోసిన) క్వార్ట్జ్‌ను ఎంతో పలచన చేస్తారు కదా, అక్కడ ఈ గొడవ లేదా?

జవాబు:
క్వార్ట్జ్‌లో ఫెర్రోఎలెక్ట్రిక్ డొమైన్లు లేవు, పోలింగ్ లేదు. 5 మెగాహెర్ట్జ్‌కు 0.33 మి.మీ., 10కి 0.166. మందం సగమైతే ఫ్రీక్వెన్సీ రెట్టింపు, అంతే. గరుకుతనం క్యూ విలువను (కంపనం ఎంత తక్కువ నష్టంతో సాగుతుందన్న కొలతను) తగ్గిస్తుంది కాబట్టి వాళ్లూ పాలిష్ చేస్తారు.

అడిగినవారు (వారం తర్వాత):
మొదటి ముక్కను ఓవెన్‌లో 200 డిగ్రీలకు వేడి చేసి డీపోల్ చేసి (పాత పోలింగ్ పోగొట్టి), 120 వోల్టులతో మళ్లీ పోల్ చేశాను. డి33 1100కు వచ్చింది, కెపాసిటెన్స్ 4.1. ఇప్పుడు దీన్నే పాలిష్ చేయనా?

జవాబు:
వద్దు. పొరంతా పోవాలంటే మందం 0.09 దాకా దిగుతుంది, అప్పుడు ఫ్రీక్వెన్సీ 25 మెగాహెర్ట్జ్ దాటుతుంది. రెండో ముక్కను 9 మైక్రాన్లతో 0.2 దగ్గర ఆపేయండి. అక్కడి నుంచి 3 మైక్రాన్లు, తర్వాత 1, చివర కొల్లాయిడల్ సిలికా. ముందు వాడిన పౌడర్ సైజుకు కనీసం మూడు రెట్లు మందం ప్రతి వైపూ తీయాలి. తొందరపడితే శ్రమంతా వృథా. ఎలక్ట్రోడ్‌కు ముందు నెమ్మదిగా ఎనీల్ చేసి (లోపలి ఒత్తిడి పోయేలా వేడి చేసి), నెమ్మదిగానే చల్లార్చండి. అయినా 1600 పూర్తిగా రాకపోవచ్చు, పలచనయ్యేకొద్దీ డొమైన్ల పరిమాణమే మారుతుంది. డీసీ బదులు ఏసీ పోలింగ్ కొన్ని సైకిళ్లు చేసి చూడండి.

అడిగినవారు:
రెండో ముక్క పూర్తయింది మేడం. డి33 1400, కెపాసిటెన్స్ 5.3! ఇక వైర్ సోల్డర్ చేయవచ్చా?

జవాబు:
చాలా సంతోషం తమ్ముడూ. సోల్డరింగ్ ఐరన్ మాత్రం దగ్గరికి తేవద్దు. ఈ క్రిస్టల్ 90 డిగ్రీల దగ్గరే ఫేజ్ (లోపలి నిర్మాణం) మారుతుంది, పోలింగ్ దెబ్బతింటుంది. గది ఉష్ణోగ్రతలో గట్టిపడే సిల్వర్ ఎపాక్సీ వాడండి, ఒక రాత్రంతా కదపకుండా వదిలేయండి.