ఛాయాచిత్రాన్ని ఎలా చూడాలి?

ప్రశ్న: ఫ్రెంచ్ ఛాయాగ్రాహకుడు హెన్రీ కార్టియర్-బ్రెసాన్ 1932లో పారిస్‌లోని సాన్-లజార్ రైల్వే స్టేషన్ వెనుక తీసిన ఫొటోలో, నీటిమడుగు మీదుగా దూకుతున్న మనిషి తప్ప నాకు మరేమీ కనిపించడం లేదు. దాన్ని ఎలా పరిశీలించాలో దయచేసి చెప్పగలరా?

జవాబు 1: ముందు ఆ మనిషిని వదిలేసి వెనుక గోడను చూడండి. అక్కడి పోస్టరులో ఒక నర్తకి అదే భంగిమలో ఎదురు దిశకు గెంతుతూ ఉంటుంది. కింద నీటిలోని ప్రతిబింబం ఆ ఆకారాన్నే తలకిందులుగా చూపిస్తుంది కాబట్టి, ఒకే రూపం మూడుచోట్ల పలుకుతుంది. మడమకూ నీటికీ మధ్య మిగిలిన సన్నని ఖాళీని మాత్రం విడిగా గమనించండి, ఉత్కంఠంతా అక్కడే ఉంది.

జవాబు 2: ఫొటోను తలకిందులుగా తిప్పి చూడండి, కథ పక్కకు తప్పుకుని ఆకారాలే మిగులుతాయి. అన్నట్టు, తీసిన ఫొటో అంచులను కత్తిరించడాన్ని సాధారణంగా ఒప్పుకోని కార్టియర్-బ్రెసానే, కంచె సందులోంచి తీసినందున అడ్డుపడిన భాగాన్ని ఇక్కడ తీసేశారు.

ప్రశ్నించినవారు: నీటిలో పడి ఉన్న నిచ్చెన మెట్లకూ వెనుక కంచె ఊచలకూ కూడా పోలిక ఉన్నట్టుంది. ధన్యవాదాలు.