క్లస్టర్ లోపల ఎమ్‌టీఎల్‌ఎస్: స్ట్రిక్ట్ పెట్టేద్దామా?

కొత్త_డెవాప్స్:
కుబర్నెటీస్ (సర్వర్లన్నిటినీ ఒక క్లస్టర్‌గా కలిపి సర్వీసులు నడిపేది) మీద నలభై సర్వీసులు. అవి ఒకదానికొకటి సర్టిఫికెట్ చూపించుకుని, ఎన్‌క్రిప్ట్ చేసి మాట్లాడుకోవడానికి (అదే ఎమ్‌టీఎల్‌ఎస్) ఇస్టియో పెట్టి ఏడాదైంది, ఇంకా పర్మిసివ్‌లోనే ఉంది. ఆడిట్ లోపు స్ట్రిక్ట్ (సర్టిఫికెట్ లేకపోతే రానివ్వకపోవడం) చెయ్యమంటున్నారు. చేసినవాళ్ళు చెప్పండి.

తాళంచెవి:
అడగడానికేముంది? పర్మిసివ్‌లో సర్టిఫికెట్ చూపించినోడికీ, ఉత్త చేతులతో వచ్చినోడికీ ఒకేలా తలుపు తీస్తారు. "లోపలి నెట్‌వర్కే కదా" అనేవాళ్ళు 2013 మర్చిపోయారు. గూగుల్ డేటా సెంటర్ల మధ్య ట్రాఫిక్‌ని అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ లాగేసిన సంగతి, దాని రహస్యాలు బయటపెట్టిన స్నోడెన్ ఇచ్చిన స్లైడ్‌లో బయటపడింది. ఎన్‌క్రిప్షన్ ఎక్కడ ఆగిపోతుందో చేత్తో గీసి, పక్కన నవ్వుమొహం కూడా పెట్టారు.

రాత్రిడ్యూటీ:
అది ఊళ్ళ మధ్య కేబులు. ఈయనది ఒక్క క్లస్టర్.
నా కథ వినండి. పాత కంపెనీలో లింకర్‌డీ (ఇస్టియో లాంటిదే) వాడాం. పాడ్‌ల (సర్వీసులు నడిచే డబ్బాల) సర్టిఫికెట్లు 24 గంటలకోసారి వాటంతటవే మారుతుంటే ఇక మనం చూసేదేం లేదనుకున్నాం. ఇన్‌స్టాల్ కమాండ్ కొట్టినప్పుడు తయారైన రూట్‌కి (మిగతా సర్టిఫికెట్లన్నిటికీ మూలమైనదానికి) గడువు 365 రోజులే అని ఎవరూ చూసుకోలేదు. తప్పు మాదే. సరిగ్గా ఏడాదికి, రాత్రి 2:10కి, సర్వీసులు ఒకదాన్నొకటి గుర్తుపట్టడం మానేశాయి. అదే మా చెల్లి పెళ్ళి ముహూర్తం. అక్కడ జీలకర్ర బెల్లం పెడుతున్నారు, నేను విడిదింట్లో లాప్‌టాప్ ముందు.

బిట్టుబైటు:
ఇస్టియో తనే చేసుకునే రూట్‌కి పదేళ్ళు ఉంటుంది.

రాత్రిడ్యూటీ:
పదేళ్ళయితే మర్చిపోవడం ఇంకా సులువు.

తాళంచెవి:
గడువు చూసుకోకపోవడం మీ నిర్లక్ష్యం. దానికి ఎమ్‌టీఎల్‌ఎస్‌నే తీసెయ్యమంటారా?

రాత్రిడ్యూటీ:
తీసెయ్యమని ఎక్కడన్నాను? మళ్ళీ చదవండి.

పాతలైనక్సు:
క్లస్టర్ నెట్‌వర్క్ చూసుకునే సిలియం పెట్టి, అందులో వైర్‌గార్డ్ ఎన్‌క్రిప్షన్ ఆన్ చెయ్యండి. ఒక నోడ్ (సర్వర్) మీది పాడ్ నుంచి ఇంకో నోడ్ మీది పాడ్‌కి వెళ్ళేది ఎన్‌క్రిప్ట్ అవుతుంది. సైడ్‌కార్లూ (ప్రతి పాడ్‌లో ఇస్టియో పెట్టే ప్రాక్సీలు) ఉండవు, ఈ గోలా ఉండదు.

తాళంచెవి:
అందులో తాళాలు నోడ్‌లవి, సర్వీసులవి కావు. ఏ సర్వీస్ పిలుస్తోందో దాన్నిబట్టి తెలీదు. ఇస్టియో ఇచ్చే సర్టిఫికెట్‌లో నేమ్‌స్పేస్ (క్లస్టర్‌లో ఏ విభాగం), సర్వీస్ అకౌంట్ (పాడ్ ఏ పేరు మీద నడుస్తోంది) రెండూ ఉంటాయి. అసలు విలువ ఆ గుర్తింపుదే.

రాత్రిడ్యూటీ:
కొత్త గారూ, మీ పాడ్‌లు ఏ సర్వీస్ అకౌంట్ మీద నడుస్తున్నాయి?

కొత్త_డెవాప్స్:
అన్నీ డిఫాల్టే 🙈

రాత్రిడ్యూటీ:
చూశారా! నేమ్‌స్పేస్‌లో అందరికీ ఒకటే ఆధార్ కార్డు. స్ట్రిక్ట్ పెట్టినా ఆడిట్ కాగితం మీద టిక్కు పడుతుందంతే. మీలాంటివాళ్ళు యామల్ (సెట్టింగుల ఫైలు) పెట్టి వెళ్ళిపోతారు, పేజర్ మోగేది మాకు.

తాళంచెవి:
"మీలాంటివాళ్ళు" అంటే ఎవరు? మా దగ్గర రూట్ తాళం సెక్యూరిటీ టీమ్ చేతిలో భద్రంగా ఉంటుంది. ఆప్స్‌కి (సిస్టమ్‌లు నడిపే టీమ్‌కి) దాని గడువు చూసే అనుమతి కూడా ఇవ్వం.

రాత్రిడ్యూటీ:
ఇన్ని పోస్టులకి అసలు మాట వచ్చింది. గడువు కనబడనివ్వరు, తీరిపోతే మాత్రం నిద్రలేపేది మమ్మల్ని. నా గొడవ స్ట్రిక్ట్‌తో కాదండీ, దీంతో.

తాళంచెవి:
...తాళం ఇవ్వలేం. గడువు తేదీ చూపించొచ్చు. 30 రోజుల ముందు అలర్ట్ రెండు టీమ్‌లకీ వెళ్ళాలంటే నాకు అభ్యంతరం లేదు.

రాత్రిడ్యూటీ:
30 కాదు, 60. మార్పుకి అనుమతి రావడానికే మా దగ్గర నెల పడుతుంది.

పాతలైనక్సు:
కొత్త గారి ప్రశ్నకి ఎవరైనా జవాబిచ్చారా?

రాత్రిడ్యూటీ:
ఇస్తున్నా. ముందు ఇస్టియో రిక్వెస్టుల మెట్రిక్‌లో (లెక్కలో) కనెక్షన్ సెక్యూరిటీ పాలసీ లేబుల్ "నన్" అని ఎక్కడెక్కడ వస్తోందో వారం రోజులు చూడండి. సర్టిఫికెట్ లేకుండా వచ్చేవాళ్ళు దొరుకుతారు. ఉత్త టీసీపీ (వెబ్ రిక్వెస్టులు కాని కనెక్షన్లు) అందులో రాదు, దానికి వేరే మెట్రిక్. తర్వాత ఒక్కో నేమ్‌స్పేస్‌నే స్ట్రిక్ట్ చెయ్యండి. క్లస్టర్ మొత్తానికి ఒకేసారి వద్దు.

కొత్త_డెవాప్స్ (వారం తర్వాత):
ఒకటి దొరికింది. రోజూ రాత్రి ఒంటిగంటన్నరకి సైడ్‌కార్ లేని రిపోర్టు జాబ్ ఒకటి బిల్లింగ్‌ని పిలుస్తోంది. రాసినాయన కంపెనీ మానేసి రెండేళ్ళయింది. రిపోర్టు ఎవరికి వెళ్తుందో ఎవరికీ తెలీదు.

బిట్టుబైటు:
ఆపి చూడండి. ఎవరు అరిస్తే వాళ్ళదే.