కుర్రోళ్లకు పని నేర్పడానికి టైమ్ యాడుంది?

అనంతపురంలో బైక్ సర్వీస్ సెంటర్‌లో ఫ్లోర్ సూపర్‌వైజర్‌ని. నా కింద ఆరుగురు మెకానిక్‌లు, రోజుకు ముప్పై బండ్లు. పొద్దున "టీమ్‌కు నేర్పించు" అనే మేనేజరే సాయంత్రం డెలివరీల లెక్క అడుగుతాడు. మొన్న ఒకే బండి మూడుసార్లు తిరిగొచ్చింది, గుంతలో పడితే ఇంజిన్ ఆగిపోతోందని. మావాడు మొదట ప్లగ్ మార్చాడు, రెండోసారి ట్యాంకు కడిగాడు. చివరికి నేను చూస్తే సైడ్ స్టాండ్ స్విచ్ (స్టాండ్ దించి గేరేస్తే ఇంజిన్ ఆపేసేది) వైరు లూజు! రెండు నిమిషాల పని. ఇట్లాంటివి నేనే చేసేస్తే పోతుంది కదా? మీరెట్ల చేస్తున్నారు?

జవాబు 1 (కర్నూలు)
తమ్ముడూ, ఆ బండిని మూడుసార్లు విప్పి బిగించిన టైమ్ ఎవరి ఖాతాలో రాశావు? నేనూ నీలాగే ఉండేవాణ్ణి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 (బండి పొగ మీద కొత్త రూల్స్) వచ్చింది, చాలా బండ్లలో కార్బురేటర్ పోయి, కంప్యూటర్ లెక్కతో పెట్రోల్ పంపే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. చెవితో ట్యూనింగ్ పట్టే మా కుర్రోళ్లకు దిక్కు తోచలేదు. పాడుచేస్తారని స్కానర్‌ను (బండికి తగిలించి లోపం చూసే మెషిన్) నా డ్రాయర్‌లో పెట్టి తాళం వేసుకున్నా. నాకు నాలుగు రోజులు జ్వరమొస్తే బండ్లు గేటు దాకా నిలిచిపోయాయి.

ఇప్పుడు షట్టర్ ఎత్తకముందు పదిహేను నిమిషాలు, ఒకే బండి. మీటర్‌లో ఇంజిన్ లైటు వెలిగింది, ముందు ఏం చూస్తావని అడుగుతా. తప్పు చెప్పినా స్పానర్ ముట్టుకోను. చేతులు వెనక్కి కట్టుకుంటా, అదే నాకు కష్టం.

జవాబు 2 (కడప)
నేను పని నేర్చుకున్న చోట మేస్త్రి ఇంజిన్ విప్పే టైమ్‌కు సరిగ్గా మమ్మల్ని టీకి పంపేవాడు. వచ్చేసరికి హెడ్ బిగించేసి ఉండేది. నేర్పితే పక్కన షాపు పెట్టుకుంటామని భయం. మూడేళ్లు చూసి ఎట్లాగూ పెట్టుకున్నా, ఆయన ఎదురుగానే.

అడిగినవాడు
ఈ రోజు చేసి చూశా. నేను ఎనిమిది నిమిషాల్లో చేసే చైన్ అడ్జస్ట్‌మెంట్‌కు మావాడికి ఇరవై ఐదు పట్టింది. మధ్యలో వాడే అన్నాడు: "అన్నా, ఆ రోజు స్టాండ్ స్విచ్ మీద నాకూ డౌటొచ్చింది. నువ్వు డెలివరీ డెలివరీ అని అరుస్తుంటే అడగలేదు." ఏమనాలో తెలీలేదు. రెండు బండ్లు లేటయ్యాయి, మేనేజర్ మొహం మాడ్చుకున్నాడు. రేపు స్కానర్ మీద కూర్చోబెడతా. మా దగ్గర కూడా దాని తాళం నా జేబులోనే ఉంది లెండి.