12 గోల్స్‌తో 13 గోల్స్ మీద గెలిచాం. ఈ గెలుపు పూర్తిగా మనదేనా?

మైపాడు రొయ్యల రైతు (అక్టోబరు 2, 2023)

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం, మైపాడు దగ్గర. మూడు చెరువుల్లో రొయ్యలు వేస్తాను. మా అబ్బాయి 2017లో చదువుకని మెల్బోర్న్ వెళ్ళాడు, ఇప్పుడు ఉద్యోగం కూడా అక్కడే. ఆస్ట్రేలియా వాళ్ళు ఆడే ఆ కోలగా ఉండే బంతి ఫుట్‌బాల్ వాడి వల్లే నాకు అలవాటయింది. కాలింగ్‌వుడ్ జట్టంటే ఇప్పుడు వాడికెంతో నాకూ అంతే.

మొన్న శనివారం, సెప్టెంబరు 30న, ఫైనల్ గెలిచాం. మనం 12 గోల్స్, 18 బిహైండ్‌లు, మొత్తం 90. బ్రిస్బేన్ 13 గోల్స్, 8 బిహైండ్‌లు, మొత్తం 86. నాలుగు పాయింట్ల తేడా.

నేను ఆ ఆట ఎలా చూశానో ముందు చెప్పాలి. మన టైం ప్రకారం ఉదయం పది గంటలకు మొదలు. సరిగ్గా మేత వేసే టైం. కుర్రాణ్ణి మేతకు పంపి, నేను గట్టు మీద షెడ్డులో కూర్చున్నాను. మా వాడు అక్కడ టీవీకి ఎదురుగా తన ఫోన్ నిలబెట్టి వీడియో కాల్ పెడతాడు. నేనిక్కడ నా ఫోన్‌ను మేత బస్తాకు ఆనించి చూస్తాను. ఇన్నేళ్ళూ ఇలాగే చూశాను.

నాలుగో క్వార్టర్ మధ్యలో మాకు కరెంటు పోయింది. చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగాయి. పగటిపూట కాబట్టి పది నిమిషాలు ఆగినా రొయ్యకు ఏమీ కాదు, అయినా ఆ చప్పుడు ఆగితే నేను కూర్చోలేను. లేచి వెళ్ళి జనరేటర్ వేసి వచ్చాను. వచ్చేసరికి ఛార్లీ క్యామెరన్ గోల్ కొట్టాడు, బ్రిస్బేన్ ముందుంది. కాళ్ళలో సత్తువ పోయింది. అంతలోనే డి గోయ్ కొట్టాడు, మళ్ళీ మనం ముందు. తర్వాత మన సైడ్‌బాటమ్ దూరం నుంచి కొట్టిన గోల్. పది పాయింట్ల తేడా. ఇంక గెలిచినట్టే అనుకున్నాను. వాళ్ళ డానిహర్ ఒకటి కొట్టాడు. తేడా నాలుగు.

అక్కడ బొమ్మ ఆగిపోయింది. బ్రిస్బేన్ ఆటగాడొకడు రెండు చేతులూ పైకెత్తి స్క్రీన్ మీద అలాగే నిలబడిపోయాడు. శబ్దం మాత్రం వస్తోంది. మా వాడి గదిలో నలుగురు కుర్రాళ్ళు అరుస్తున్నారు. ఎందుకు అరుస్తున్నారో తెలియదు. నేను ఫోన్ చేతిలోకి తీసుకుని గట్టు చివరిదాకా నడిచాను, సిగ్నల్ అక్కడ కాస్త బాగుంటుంది. ఇంతలో ఆట ముగిసిన సైరన్ మోగింది. మా వాడు "నాయనా, నాయనా" అని రెండుసార్లు పిలిచాడు, ఇంక మాట రాలేదు. ఏడుస్తున్నాడు. 2018 ఫైనల్లో వెస్ట్ కోస్ట్ చేతిలో 5 పాయింట్లతో ఓడిన రోజు కూడా ఇలాగే ఏడ్చాడు. కాబట్టి గెలిచి ఏడుస్తున్నాడో ఓడి ఏడుస్తున్నాడో బొమ్మ కదిలేదాకా నాకు తెలియలేదు.

సాయంత్రం మా బావమరిది వచ్చాడు. మామూలు ఫుట్‌బాల్ బాగా చూస్తాడు. స్కోరు చూపిస్తే ఒకటే మాట అన్నాడు: "బావా, గోల్స్ వాళ్ళే ఎక్కువ కొట్టారు గదా. గురి తప్పిన కిక్కులు కలుపుకొని గెలిచారు మీరు." నాకు జవాబు తట్టలేదు. అప్పటినుంచి ఆ మాటే మనసులో తిరుగుతోంది. ఈ గెలుపు పూర్తిగా మనదే అని చెప్పడానికి సరైన కారణం ఏంది? ఆట బాగా తెలిసినవాళ్ళు చెప్పండి.

ఉలవపాడు

అన్నా, నేనెప్పుడూ ఈ ఆట చూడలేదు. మీరు రాసింది చదువుతుంటే నాకే టెన్షన్ వచ్చింది. బిహైండ్ అంటే ఏంది? తప్పిపోయిన దానికి పాయింట్ ఎందుకిస్తారు?

కావలి కుర్రాడు, మెల్బోర్న్

ముందు ఉలవపాడు అన్నకు చెప్తాను. ఇక్కడ గ్రౌండు కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. ఒక్కో చివర నాలుగు స్తంభాలుంటాయి. మధ్యలో రెండు పొడవైనవి, అటూ ఇటూ ఒక్కోటి పొట్టిది. వల లేదు, పైన అడ్డకర్ర లేదు. కాలితో కొట్టిన బంతి ఎవరి చెయ్యీ తగలకుండా పొడవు స్తంభాల మధ్య నుంచి పోతే గోల్, ఆరు పాయింట్లు. పొడవు స్తంభానికీ పొట్టి స్తంభానికీ మధ్య నుంచి పోయినా, పొడవు స్తంభానికి తగిలినా, మధ్య నుంచే పోయినా దారిలో ఎవరి చెయ్యైనా తగిలినా బిహైండ్, ఒక పాయింట్. గోల్ అయితే అంపైరు రెండు జెండాలు ఊపుతాడు, బిహైండ్ అయితే ఒకటి.

ఇప్పుడు మీకు, బాబాయ్. మీ బావమరిది గారి మాటలో కొంత న్యాయం ఉంది. 1897కి ముందు ఇక్కడ బిహైండ్‌లు రాసుకునేవాళ్ళే గానీ గెలుపోటములకు లెక్కపెట్టేవాళ్ళు కాదు. గోల్స్ ఎవరివి ఎక్కువైతే వాళ్ళదే గెలుపు. ఆ లెక్కన మొన్న కప్పు బ్రిస్బేన్‌దే. 1897లో కొత్త లీగు మొదలైనప్పుడు గోల్‌కి ఆరు, బిహైండ్‌కి ఒకటి అని పెట్టారు. కాలింగ్‌వుడ్ ఆ మొదటి ఏడాది నుంచే ఆ లీగులో ఉంది. అంటే ఈ రెండు జట్లలో ఎవరికీ తెలియని లెక్క కాదు ఇది. అందరూ ఇదే లెక్కకు ఆడుతున్నారు, 126 ఏళ్ళుగా.

ఇంకో లెక్క చూడండి. గోల్స్, బిహైండ్‌లు కలిపితే మనం స్కోరు చేసింది 30 సార్లు. వాళ్ళు 21 సార్లు. బంతి వాళ్ళ గోల్ దగ్గరికి ఎన్నిసార్లు తీసుకెళ్ళామో చూడండి! తొమ్మిదిసార్లు ఎక్కువ. నా మటుకు నాకు ఆ తొమ్మిదే మన గెలుపు.

అంతకు ముందు వారం సెప్టెంబరు 22న జి.డబ్ల్యూ.ఎస్. అనే జట్టు మీద సెమీస్ లాంటి మ్యాచ్‌కి నేను స్టేడియంలోనే ఉన్నాను. ఇక్కడ దాన్ని ప్రిలిమినరీ ఫైనల్ అంటారు. 97 వేల మందికి పైగా ఉన్నాం. 58-57తో గెలిచాం. గోల్స్ ఎనిమిదీ ఎనిమిదీ సమానం. మనకి 10 బిహైండ్‌లు, వాళ్ళకి 9. ఒక్కటంటే ఒక్క బిహైండ్, బాబాయ్! చివరి ఐదు నిమిషాలు మా వరసలో ఎవరూ కూర్చోలేదు. నా పక్కన డెబ్బై ఏళ్ళు పైబడిన ఒక పెద్దావిడ, నలుపు తెలుపు స్కార్ఫ్ వేసుకుని, నా మోచెయ్యి పట్టుకుంది. నేనెవరో ఆవిడకు తెలియదు. సైరన్ మోగేదాకా వదల్లేదు. ఇంటికొచ్చి చూసుకుంటే నాలుగు వేళ్ళ అచ్చు ఉంది. ఆ చివరి నిమిషాల్లో, తప్పిపోయిన కిక్కుకు పాయింట్ ఎందుకు అని అక్కడ ఎవరూ అడగలేదు.

ఒంగోలు పీఈటీ

నేను కబడ్డీ నేర్పిస్తాను, ఆ ఆట వైపు నుంచి చెప్తాను. రెయిడర్ వెళ్ళినప్పుడు కోర్టులో ఆరుగురో ఏడుగురో ఉంటే, బోనస్ గీత దాటి కాలు పెట్టినందుకు ఒక పాయింట్ ఇస్తారు. వాడు ఎవర్నీ తాకలేదు, ఎవర్నీ ఔట్ చెయ్యలేదు. అయినా పాయింట్ ఎందుకు? అంతమంది ఉన్న చోట అంత లోపలికి వెళ్ళినందుకు. బోనస్‌లతో గెలిచిన జట్టును ఓడిపోయినట్టు అని మన దగ్గర ఎవరూ అనరు. మీ బావమరిదికి ఈ మాట చెప్పండి.

అయితే ఒక మాట, రైతు గారూ. 18 బిహైండ్‌లు గొప్ప అని నేను అనను. అందులో కొన్ని ఎదుటి జట్టువాళ్ళే ఆరు పాయింట్లు పోకూడదని బంతిని తామే గీత దాటించినవి ఉండొచ్చు. డిఫెండర్లు కావాలనే అలా ఒక పాయింట్ ఇచ్చి తప్పించుకుంటారు. కానీ మిగతావి గురి తప్పినవే. ఆ పద్దెనిమిదిలో మూడు గోల్స్ అయి ఉంటే పదిహేను పాయింట్లు కలిసేవి, చివరి నిమిషంలో మీకు గట్టు చివరిదాకా నడవాల్సిన పని ఉండేది కాదు. గెలిచిన మర్నాడు పిల్లలకు నేను మొదట చూపించేది తప్పులే, గెలిచిన రోజు వాళ్ళు వింటారు కాబట్టి. గెలుపు మీదే. అందులో నాకు సందేహం లేదు. కిక్కు ప్రాక్టీసు మాత్రం బాకీ ఉంది.

సింగరాయకొండ, బ్రిస్బేన్ అమ్మాయి వాళ్ళమ్మ

అన్నయ్యా, నేను అవతలి జట్టు మనిషిని. మా అమ్మాయి బ్రిస్బేన్‌లో నర్సు. శనివారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా ఫోన్ తియ్యలేదు. తీశాక కూడా "తిన్నావా" అంటే "ఊ" అంటుంది, అంతే.

మీ బావమరిది గారి మాట మా ఇంట్లో కూడా వచ్చింది. 13 కొట్టి 12 చేతిలో ఓడామని అల్లుడు అన్నాడు. అమ్మాయి ఒప్పుకోలేదు. "30 సార్లు రానిచ్చింది మనమే, రానివ్వకుండా ఉండాల్సింది" అంది. ఓడినవాళ్ళే ఆ మాట అంటుంటే గెలిచిన మీకు బాధెందుకు?

నాకు ఇంకోటి బాధ. మీ కోచ్ క్రెయిగ్ మెక్రే మా వాడే. 2001, 2002, 2003లో వరసగా మూడు కప్పులు బ్రిస్బేన్ తరఫున ఆడి గెలిచాడు. అందులో రెండు మీ కాలింగ్‌వుడ్ మీదే. మొన్న ఫైనల్ రోజు ఉదయమే అతనికి కూతురు పుట్టింది. పిల్లని చూసుకుని గ్రౌండుకి వచ్చాడట. ఓడినా ఆ పిల్ల సంగతి చెప్పినప్పుడే మా అమ్మాయి గొంతు కొంచెం మామూలైంది. నర్సు కదా, మేటర్నిటీ వార్డులో చేస్తుంది.

మైపాడు రొయ్యల రైతు

అందరికీ దండాలు. చెల్లెమ్మా, మీ అమ్మాయికి మా మాటగా చెప్పండి, 2018లో మేమూ అదే చోట నిలబడ్డాం. గత ఏడాది కూడా సిడ్నీ చేతిలో ఫైనల్ ముందు మ్యాచ్ 95-94తో పోయింది. ఆ రోజు మా వాడు అన్నం తినలేదని వాడి రూమ్మేటు ఫోన్ చేసి చెప్పాడు. ఒక్క పాయింట్‌తో పోతే ఎలా ఉంటుందో మా ఇంట్లో తెలుసు. ఓడినా మీ అమ్మాయి అంత న్యాయంగా మాట్లాడిందంటే ఆ పిల్లను మీరు బాగా పెంచారు.

కావలి అబ్బాయీ, 30, 21 లెక్క చూసి నేను కాసేపు అలాగే కూర్చున్నాను. ఇన్నేళ్ళ నుంచి చూస్తూ కూడా ఆ రెండూ కలిపి చూసుకోలేదు. మా చెరువుల్లో చెక్ ట్రే లేపి చూస్తాం, అందులో మిగిలిన నాలుగు గింజల మేతను బట్టి లోపల ఏం జరుగుతోందో తెలుస్తుంది. స్కోరు బోర్డులో ఆ చిన్న అంకె కూడా అలాంటిదేనని ఇప్పుడు అర్థమైంది. పీఈటీ సారూ, మీరు చెప్పిన గురి సంగతి కూడా నిజమే, మా వాడికి చెప్తే వాడూ ఒప్పుకున్నాడు.

ఆ రోజు గురించి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. బాబీ హిల్. ఫైనల్లో నాలుగు గోల్స్ కొట్టి, ఆ మ్యాచ్‌లో అందరికంటే బాగా ఆడినవాడికిచ్చే నార్మ్ స్మిత్ మెడల్ తీసుకున్నాడు. రెండో క్వార్టర్లో ఎదుటివాడి భుజాల పైకి లేచి బంతి పట్టాడు. మనిషి గాల్లో ఉన్నాడు, మోకాళ్ళు అవతలివాడి వీపు మీద, చేతులు రెండూ తల పైన. ఆ పిల్లాడికి 2022లో క్యాన్సర్ వచ్చి ఆపరేషన్ అయింది, అప్పుడు వేరే జట్టులో ఉన్నాడు. ఏడాదిన్నర తిరక్కుండా వచ్చి ఆ గ్రౌండులో, లక్షమంది ముందు అలా ఎగిరాడు. 12 గోల్స్‌లో నాలుగు వాడివే. అవి ఎవరూ గురి తప్పిన కిక్కులు అనలేరు.

కావలి కుర్రాడు, మెల్బోర్న్

బాబాయ్, లక్షా 24 మంది. బోర్డు మీద వేశారు.

మైపాడు రొయ్యల రైతు (అక్టోబరు 4)

నిన్న సాయంత్రం బావమరిదిని చెరువు దగ్గరికి పిలిచాను. కబడ్డీ బోనస్ మాట చెప్పాను. ఏమీ అనలేదు. 30, 21 చెప్పాను. "మళ్ళీ చూపించు బావా" అన్నాడు. మా వాడు చివరి క్వార్టర్ వీడియో పంపించాడు, ఇద్దరం షెడ్డులో కూర్చుని చూశాం. ఇప్పుడు బొమ్మ ఆగలేదు. ఆ రోజు నా ఫోన్లో చేతులు పైకెత్తి నిలబడిపోయిన ఆటగాడు దేనికి ఎత్తాడో నిన్న తెలిసింది. డానిహర్ గోల్ పడ్డాక సంతోషంతో ఎత్తాడు.

సైరన్ మోగే ముందు బావమరిది నా చెయ్యి పట్టుకున్నాడు. వాడికి ఫలితం తెలుసు. అయినా పట్టుకున్నాడు.

ఆరు గంటల మేత కొంచెం ఆలస్యమైంది. ఇద్దరం కలిసి వేశాం. వాడు ఒకటే అడిగాడు, మళ్ళీ ఆటలు ఎప్పుడు మొదలని. మార్చి అని చెప్పాను. మొన్న ఆదివారం నుంచి అక్కడ గడియారాలు గంట ముందుకు జరిపారట, ఏప్రిల్ దాకా మనకీ వాళ్ళకీ తేడా అయిదున్నర గంటలు. కాబట్టి సీజన్ మొదట్లో రాత్రి ఆటలు మనకు మధ్యాహ్నం రెండు ప్రాంతంలో వస్తాయి. రెండు గంటల మేత కుర్రాడికి అప్పజెప్పాలి. కావలి అబ్బాయీ, మొదటి మ్యాచ్ తేదీ తెలిసిన వెంటనే ఇక్కడ రాయి నాయనా, మా ఇద్దరికీ.