'ఆర్డర్ చేయండి' బటన్‌ను ఎవరూ ఎందుకు నొక్కడం లేదు?

పచ్చళ్ల కొట్టు:
గుంటూరు నుంచి ఆవకాయ, గోంగూర పచ్చళ్లను సొంత వెబ్‌సైట్ ద్వారా అమ్ముతున్నాను. సైటుకు వచ్చేవారు తగ్గలేదు గాని, 'ఆర్డర్ చేయండి' అన్న లేత ఆకుపచ్చ బటన్‌ను నొక్కేవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. దాని రంగును నారింజకు మార్చమంటారా?

గీతల మనిషి:
రంగు సంగతి తర్వాత. మీ పేజీని ఫోనులో తెరిచి చూశాను. బటన్ ఎత్తును ఇంగ్లిషు అక్షరాలకు సరిపడేటట్టు బిగించడం వల్ల 'ఆర్డర్'లోని డవత్తు కింద తెగిపోయి 'ఆరర్ చేయండి' అని కనబడుతున్నది. వత్తులున్న లిపికి ఎత్తును అంకెతో బిగించకూడదు. అక్షరం చుట్టూ ఎంత ఖాళీ ఉండాలో మాత్రం చెప్పి, ఎత్తును దానంతట పెరగనివ్వాలి.

లెక్కల మాస్టారు:
వత్తు తెగినందుకు ఆవకాయ మానేసేవారు ఉంటారా అండీ? లేత ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలు ఎండలో అసలు కనబడవు. వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరాలకు కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా, కనీసం 4.5:1 ఉండాలి. ఇక బటన్ మీద ఏ మాట మంచిదో ఊహించనక్కరలేదు, పరీక్షించవచ్చు. ఒబామా 2008 ప్రచారపు సైటులో బొమ్మలనూ బటన్ మాటలనూ మార్చి చూస్తే, కుటుంబ చిత్రం కింద 'లెర్న్ మోర్' (మరింత తెలుసుకోండి) అన్న బటన్ ఉన్న పేజీలో మొదటి పేజీ కంటే 40.6 శాతం ఎక్కువగా నమోదులు జరిగాయి.

గీతల మనిషి:
ఆ పరీక్షకు మూడు లక్షల మందికి పైగా వచ్చారు. రోజుకు నలభై మంది తొంగిచూసే పచ్చళ్ల సైటులో అటువంటి తేడా తేలేసరికి రెండు మామిడి కాపులు గడిచిపోతాయి. వత్తును తేలికగా తీసుకోవద్దు. కిందటేడు ఒక బట్టల దుకాణం వారికి ఇదే చెబితే, తెలుగు బటన్ ఎవరు చదువుతారని నా పనిని పక్కన పడేశారు. సగం డబ్బు నేటికీ రాలేదు.

నిదానం:
అది బటన్ సమస్య కాదు, బాకీ సమస్య.

తెనాలి కోడలు:
మీరంతా బటన్‌ను చూస్తున్నారు గాని, నొక్కినట్టు లేదు. నేను నొక్కాను. ధర లేదు, డబ్బు కట్టే పేజీ లేదు. వాట్సాప్ తెరుచుకొని నా పేరు, నంబరు అడిగింది. మా అత్తగారు ఒక సైటులో 'వివరాలు తెలుసుకోండి' అన్నదాన్ని నొక్కి నంబరు ఇచ్చినందుకు వారం రోజులు అప్పులిచ్చేవాళ్ల ఫోన్లు ఎత్తలేక చచ్చారు. పైగా 'ఇంకా 3 డబ్బాలే మిగిలాయి' అన్న మాట సంక్రాంతి నాటి నుంచీ అక్కడే ఉన్నది. ఆ మూడు డబ్బాలు ఎప్పటికి ఖాళీ అవుతాయండీ?

పచ్చళ్ల కొట్టు:
నేను అడిగింది రంగు గురించి. ధర పెడితే పక్క కొట్టువారు పది రూపాయలు తగ్గించి పెడతారు. హైదరాబాదుకు పంపే ఖర్చు వేరు, అమెరికాకు వేరు. నన్ను దొంగను చేయవద్దు.

లెక్కల మాస్టారు:
దొంగ అని ఎవరూ అనలేదు. అయితే లేని కొరతను చూపించి తొందరపెట్టడం 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ నిషేధించిన 13 డార్క్ ప్యాటర్న్‌లలో, అంటే కొనేవారిని మభ్యపెట్టే సైటు ఎత్తుగడలలో, ఒకటి. జర్మనీలోనైతే 2012 నుంచి, ఆర్డర్ బటన్ నొక్కితే డబ్బు కట్టవలసి వస్తుందన్న సంగతి బటన్ మీదే స్పష్టంగా ఉండాలి. మీ బటన్ దానికి తలకిందులు: ఆర్డర్ అంటుంది, ఆర్డర్ తీసుకోదు. 'వాట్సాప్‌లో ధర అడగండి' అని రాయండి.

పచ్చళ్ల కొట్టు:
అలా రాస్తే ఖరీదెక్కువ అనుకొని వెళ్లిపోతారు. నంబరు చేతికి వస్తే నేను మాట్లాడి అమ్ముకోగలను. ముప్పై ఏళ్లుగా కొట్టులో చేస్తున్నది అదే.

తెనాలి కోడలు:
కొట్టులోనైతే వేలి మీద కాస్త వేసి రుచి చూపిస్తారు, నచ్చకపోతే నేను మెట్లు దిగి వెళ్లిపోతాను. ఇక్కడ నంబరు ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేను. నాకు బటన్ మీద కోపం లేదు, దాని వెనుక ఏమున్నదో చెప్పకపోవడం మీదనే.

పచ్చళ్ల కొట్టు:
సరేనమ్మా. అరకిలో ధర, మన రెండు రాష్ట్రాలకు పంపే ఖర్చు ఈ రాత్రికి బటన్ పక్కనే పెడతాను. మూడు డబ్బాల మాట తీసేస్తాను. విదేశాల వారికి మాత్రం మాస్టారు చెప్పిన మాటే ఉంటుంది. నంబరు అడగడం మానలేను.

గీతల మనిషి:
'వాట్సాప్'లోనూ వత్తు ఉన్నది. ఎత్తు సరిచేయడం మరిచిపోకండి.