ఫోర్జరీ ఎక్కడ మొదలవుతుంది: కాగితం, బొమ్మ

లేఖరి:
నకలు తీసినంత మాత్రాన ఫోర్జరీ కాదు. జీతం ఎక్కువ చేసి చూపిన ఉత్తరం మీద అసలు అధికారే సంతకం పెడితే అది అబద్ధం, మోసం కూడా కావచ్చు. అదే ఉత్తరం ఇంకొకరు తయారుచేసి అధికారి సంతకం గీకితే ఫోర్జరీ. కాగితం తన పుట్టుక గురించే బొంకాలి.

కుంచె:
బొమ్మల దగ్గరే చిక్కు. 1857లో ఇంగ్లండులో క్లాస్ అనే బొమ్మల వ్యాపారి కేసు చూడండి. చిత్రకారుడు జాన్ లిన్నెల్ బొమ్మకి నకలు అమ్మాడు, దాని మీద లిన్నెల్ పేరు. ఫోర్జరీ కాదని తీర్పు: బొమ్మ పత్రం కాదట, ఆ పేరు ఒట్టి గుర్తట! నెదర్లాండ్స్‌లో 1947లో పాత చిత్రకారుల పేరుతో దొంగ బొమ్మలు వేసిన వాన్ మీగరెన్‌కి మాత్రం దొంగ సంతకాలు కూడా నేరంగానే పడ్డాయి, శిక్ష ఏడాది.

లేఖరి:
కాగితం మీద సంతకంలో చూడాల్సింది పోలిక కాదు, వేగం. చూసి గీసిన గీత నెమ్మదిగా, ఒకే మందంతో పోతుంది. మధ్యలో కలం ఎత్తి ఆనించిన చోట్లుంటాయి, చివరలు మొద్దుబారతాయి. రెండు సంతకాలు ఒకదానిపై ఒకటి అచ్చంగా సరిపోయాయా, అనుమానించండి. ఎవరూ రెండుసార్లు ఒకేలా పెట్టరు. ముసలివాళ్ల వణుకుతో మాత్రం పొరబడొద్దు, వాళ్ల గీత వణికినా ఆగదు.

పాతరంగు:
తైలవర్ణ చిత్రమైతే పది రెట్ల భూతద్దం పెట్టి సంతకం చూడండి. పగులు సంతకాన్ని కూడా చీల్చుకుంటూ పోవాలి. సంతకం రంగు పగుల్లోకి దిగి ఉంటే, బొమ్మ పగిలాక పెట్టిన సంతకమన్నమాట. తర్వాత చీకట్లో అతినీలలోహిత దీపం. పాత వార్నిష్ పచ్చగా మెరుస్తుంది, దాని మీద పెట్టినది నల్లగా తేలుతుంది.

కొత్తపాఠకుడు:
నల్లగా కనిపిస్తే నకిలీ అన్నట్టేనా?

పాతరంగు:
కాదు. మరమ్మతు చేసిన చోటూ నల్లగానే ఉంటుంది. ఈ దీపం ఎక్కడ వెతకాలో చెబుతుంది, తీర్పు చెప్పదు. రంగు పరీక్షది వేరే బలం. జర్మన్ చిత్రకారుడు కాంపెండాంక్ 1914లో వేసిందని అమ్మిన చిత్రంలో టైటానియం తెలుపు దొరికింది. అప్పటికి చిత్రకారుల రంగుల్లో అది లేదు. నిజానికి దాన్ని వేసిన దొంగ బొమ్మల చిత్రకారుడు బెల్‌ట్రాచీ వాడింది జింక్ తెలుపు ట్యూబే, అందులో టైటానియం కలిసిందని దాని మీద రాసి లేదు. 2011లో అతనికి ఆరేళ్ల శిక్ష పడింది.

కుంచె:
బెల్‌ట్రాచీ బొమ్మల వెనక అంటించిన పాత సేకరణ చీటీలు, అంటే ఇది ఫలానా వారి సేకరణలోదని చెప్పే కాగితాలు, కూడా దొంగవే. కొనేవాళ్లు బొమ్మను తిప్పి చూడరు, అదే బాధ. క్లాస్ తీర్పు తర్కంతో పోయినా, బొమ్మ పత్రం కాకపోవచ్చు గానీ చీటీ మాత్రం పత్రమే.